వెనక్కి వచ్చే ఖర్చు

కరెంటు బిల్లు వెనకాల రాస్తున్నా.
పెన్ను ఓబులేసుది, లెక్క నాది.
టిక్కెట్లు రెండున్నర.
పాపకు సగమా, అసలు లేదా, ఫోనెత్తిన పిల్లకే తెలీదు.
"సర్టిఫికెట్ తెండి మేడమ్, గేటు దగ్గర చూస్తారు" అంది.
మూడు జిరాక్సులు తీయించాను.
మా పాపను శాతాల్లో కొలిచిన కాగితం
మడతల దగ్గర చిరుగుతోంది.

మంగళవారమే పోవాల.
ఆదివారమంటే జనం, జనమంటే అరుపులు,
అరుపులంటే లోహిత నేలమీద కూలబడి చెవులు మూసుకోవడం,
చుట్టూ గుండ్రంగా ఎవరెవరివో చెప్పులు ఆగిపోవడం.
మంగళవారమైతే గార్మెంట్స్‌లో నాకొక రోజు కోత,
హాజరు బోనసూ పోతుంది.
అదీ రాశాను, కొంచెం చిన్న అక్షరాలతో.

బొమ్మనహళ్లి నుంచి మెజెస్టిక్,
అక్కణ్నుంచి బిడది వైపు ఇంకో బస్సు.
ఈ ఊళ్లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అంటారు.
పదేళ్లుగా ఇక్కడే దారం తెంపుతున్నా
నా ఆధార్ మాత్రం ఇంకా కదిరిలోనే ఉంది.
కాబట్టి నాకూ టిక్కెట్టే.

బయటి తిండి పార్కు లోపలికి రానివ్వరు.
లోపలి తిండిని మా పాప నోట్లోకి రానివ్వదు.
తెల్లగా ఉండాల. ఇడ్లీ, పెరుగన్నం, అంతే.
బిస్కెట్టు నాలుగు మూలలూ ఉన్నదై ఉండాల,
విరిగితే అది ఆమెకు బిస్కెట్టే కాదు.
గేటు దగ్గర ఈ సంగతి కన్నడంలో ఎట్లా చెప్పాలో
గౌరమ్మను అడిగి నేర్చుకున్నా.
బట్టలు ఉతుకుతూ రోజూ చెప్పుకుంటున్నా.

రాళ్లు కోసే చోట పెట్టుకునే చెవిటోపీని
మేస్త్రీని బతిమాలి తెచ్చాడు ఓబులేసు,
రెండు రోజులకే.
లోపల నా పాత చీర ముక్క పెట్టి కుట్టాను.

లోపలికి పోయేవాళ్లకు మణికట్టుకు పట్టీ కడతారంట.
అందుకని నెల ముందునుంచే దారం కడుతున్నా.
మొదటిరోజు కొరికేసింది.
రెండోరోజు నన్ను కొరికింది.
నాలుగోరోజు బాత్రూములో దొరికింది, ముడి విప్పకుండానే.
ఎట్లా తీసిందో నాకిప్పటికీ తెలీదు.
పదకొండోరోజు దారంతోనే నిద్రపోయింది.
ఆ రాత్రి నేను పోలేదు నిద్ర.

"ఎక్కుతుందా ఆ జెయింట్‌వీల్?" అంది గౌరమ్మ.
ఎక్కదు.
కింద నిలబడి చూస్తుంది.
ఎనిమిది నెలలుగా ఫోన్లో అదే వీడియో,
అద్దం మీద బొటనవేలి మరక దాని చుట్టూనే.
"ఊరికే చూసేదానికి ఇంత డబ్బా?"
దానికి నా దగ్గర కన్నడంలో జవాబు లేదు.
తెలుగులోనూ లేదు.

ఇంక మిగిలింది ఒకటే లెక్క.
పోయిన పది నిమిషాలకే ఏడుపు మొదలైతే?
బస్సు పనికిరాదు. కారు పిలవాల, అక్కడికక్కడే,
వాడెంత అడిగితే అంత.
టిక్కెట్లకన్నా, తిండికన్నా, నా కోతకన్నా
అదే పెద్ద అంకె.
దానికి వేరే స్టీలు డబ్బా పెట్టుకున్నాం.
లోపలికి పోయేదానికి ఎవరైనా కూడబెడతారు.
మేం బయటికి వచ్చేదానికి కూడబెడుతున్నాం.

ఇంకా పన్నెండు వందలు తక్కువ.
"వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు ఓబులేసు.
ఆ మాట పోయిన నెల కూడా అన్నాడు.
నేను తారీఖు దగ్గర గీత మాత్రం గీసి పెట్టాను.

లోహిత ఆ డబ్బా మూత తీసుకుని
బండల మీద నిలబెట్టి తిప్పింది.
తిరిగింది, తిరిగింది, వాలుతూ తిరిగింది.
కింద పడి గణగణమనబోయే ముందు
ఎవరూ చెప్పకుండానే
రెండు చేతులూ చెవుల మీదికి తెచ్చుకుంది.
మోత ఆగినాక మెల్లగా తీసింది.
మళ్లీ మూత అందుకుంది.

బిల్లు మీద దీనికి గడి లేదు.
పెన్ను మూత పెట్టేశాను.